పురుగులింట్లో లైటు

కొత్త పెళ్ళికూతుర్ని తలలో పూలు తీసెయ్యమని ఎవరూ అనరు. శోభారాణిని మాత్రం, పెళ్ళయి నెల తిరక్కముందే, కట్టుకున్న మొగుడే అన్నాడు.

"పూలు ఆడ పెట్టి రా. మొగానికి పౌడరేసినావా? కడుక్కో. ఏం సబ్బు అది, ఈడికే వాసనొస్తాండాది," అన్నాడు హరీష్, పట్టుపురుగుల షెడ్డు వాకిలికి అడ్డంగా నిలబడి. ఘాటు వాసన తగిలితే పురుగులు మేత మానేస్తాయట.

"మా నాయన నన్ను నీకిచ్చి చేసినాడా బావా, నీ పురుగులకిచ్చి చేసినాడా?"

"ముందు వాటికి నచ్చు. నా సంగతి తర్వాత చూద్దాం."

శోభ నవ్వుకుంటూ మల్లెచెండు తీసి బోరు పైపుకు చుట్టింది. మొహం కడుక్కుంది. గడప దగ్గర పరిచిన సున్నంలో పాదాలు అద్ది లోపలికి అడుగుపెట్టింది. చుట్టూ ఆకుపచ్చ వలలు కట్టిన షెడ్డు. లోపల పొద్దున పదింటికే అసురసంధ్యలాగా ఉంది. అరల నిండా మల్బరీ కొమ్మలు, కొమ్మల నిండా తెల్లటి పురుగులు. వాటి మేత చప్పుడు వింటే పక్క పందిట్లో పంక్తి పంక్తంతా ఒకేసారి అప్పడాలు విరుస్తున్నట్టు అనిపించింది. ఆ మాట హరీష్‌తో చెప్తే, "నీకు తిండి ధ్యాస బో ఉండాదే," అన్నాడు. అన్నాడే గానీ, ఆ సాయంత్రం వాళ్ళమ్మతో అదే మాట తన మాటలాగా చెప్పాడు. శోభ వంటింట్లోంచి విని మురిసిపోయింది.

శోభది ధర్మవరం. నాయన రఘునాథ్ రైల్వేలో పని చేస్తాడు. డిగ్రీ చదివేటప్పుడు క్వార్టర్స్ పిల్లలకు ట్యూషన్లు చెప్పి, ఒక స్టూడియో ఆయన పక్కన పడేసిన పాత కెమెరా కొనుక్కుంది. దాని రబ్బరు పట్టు ఎప్పుడో ఊడిపోతే సైకిలు ట్యూబు ముక్క చుట్టి ఉండేది. లెన్సు ఒక్కటే. ఆ ఒక్క లెన్సునే వెనక్కి తిప్పి బిగిస్తే చీమ కాలి మీది నూగు కూడా కనబడుతుందని తెలిసి, అందుకు కావలసిన చవక రింగొకటి తెప్పించుకుంది. ఇక ఆ రోజు నుంచి ఆమె ఒక చోట కుదురుగా కూర్చుంటే ఒట్టు. ఉప్పు గల్లు, చీర అంచు, బొగ్గు మీద బూడిద, అన్నింటి దగ్గరా మోకాళ్ళ మీద వంగి కనిపించేది.

పెళ్ళికి వచ్చిన బహుమతులు విప్పేటప్పుడు ఇంట్లో అందరూ కుక్కర్లు ఎన్నొచ్చాయో చూసుకుంటుంటే, శోభ వేరే లెక్కలో ఉంది. 'నూతన దంపతులకు శుభాకాంక్షలతో' అని చెక్కిన పెద్ద స్టీలు పళ్ళెం వెలుగును తిప్పి కొట్టడానికి పనికొస్తుంది. పెళ్ళిపత్రికల్లో పెట్టే పల్చటి బటర్ పేపరు లైటు ముందు అడ్డం పెడితే వెలుగు పాలలాగా మెత్తబడుతుంది. హరీష్ నల్ల గొడుగు వెనక పెడితే ఏ వస్తువైనా అమావాస్య ముందు నిలబడినట్టు కనబడుతుంది. స్నేహితురాలు గ్రేస్ ఇచ్చిన చార్జింగ్ లైటు సంగతి చెప్పనే అక్కర్లేదు. మడిస్తే అరచేతిలో ఇముడుతుంది, తక్కువలో పెడితే రోజంతా వెలుగుతుంది.

"మా కోడలికి గిన్నెలు వండుకునే దానికి గాదు, ఎలుతురు పట్టే దానికి కావల్ల," అని అత్త రామసుబ్బమ్మ ఇరుగమ్మలతో చెప్పుకునేది. అది ఫిర్యాదో గొప్పో వినేవాళ్ళకు తెలిసేది కాదు.

మామ రంగప్ప మాత్రం ఏమీ అనేవాడు కాదు. రొద్దం పక్కనున్న ఆ పల్లెలో వాళ్ళది తరాల నాటి వేరుశెనగ సేద్యం. చెనిక్కాయ తప్ప వేరే పైరు మీద ఆయనకు నమ్మకం లేదు. హిందూపురం పక్క ఫ్యాక్టరీలో ఉద్యోగం వదిలేసి వచ్చి, "రెండెకరాల్లో మల్బరీ పెడతా, పట్టుపురుగులు సాకుతా," అని కొడుకు అన్నప్పుడు ఆయన భుజం మీది టవలు తీసి దులిపాడట.

"మా తాత పురుగుల్ని చంపినాడు, మా నాయన చంపినాడు, నేను చంపినా. నువ్వేందప్పా, వాటికి ఇల్లు కట్టి ఆకు పెడతానంటావు," అన్నాడట.

చెనిక్కాయ చేలో గొంగళిపురుగుల దండు దిగితే ఏమవుతుందో చూసిన మనిషి. పురుగు అన్న మాటకే ఆయనకు ఒళ్ళు జలదరిస్తుంది. షెడ్డు కట్టించి ఇచ్చాడు గానీ, ఏనాడూ గడప దాటి లోపలికి పోలేదు. పోయిన పంట ఎండకు దెబ్బతిన్నాక ఆయన ఒక్క మాటే అన్నాడు. ఈ పంట గూళ్ళు కూడా బాగా రాకపోతే మల్బరీ పెరికేసి చీనీ చెట్లు, అంటే బత్తాయిలు, పెడదామని. అని ఊరుకోలేదు. చెట్లు ఎక్కడెక్కడ రావాలో తోట గట్టు పొడవునా సున్నంతో చుక్కలు పెట్టించాడు. హరీష్ పొద్దున లేచి ఆకు కోయడానికి పోయిన ప్రతిసారీ ఆ తెల్ల చుక్కలు దాటుకునే పోవాలి.

ఫోటోల పిచ్చిలో ఉన్నా, ఆ చుక్కల సంగతి శోభకు తెలుసు. రాత్రిళ్ళు హరీష్ అటూ ఇటూ దొర్లుతుంటే తెలుసు.

పురుగులు పండాయి. అంటే మేత మానేసి, లోపల దీపం పెట్టినట్టు లేత పసుపు రంగుకు తిరిగాయి. ఇక అవి గూడు కట్టుకోవాలి. అందుకోసం వాటిని ఏరి చంద్రికల మీద వదులుతారు. చంద్రిక అంటే మంచం అంత వెదురు తడిక. దాని మీద వెదురు పట్టీ చుట్లు చుట్లుగా, పెద్ద జిలేబీలాగా నిలబెట్టి ఉంటుంది. ఆ సందుల్లో ఒక్కో పురుగు ఒక్కో చోటు చూసుకుని గూడు అల్లుకుంటుంది. ముందే పండిన కొన్నిటిని బుధవారం సాయంత్రమే ఎక్కించారు. మిగతావన్నీ గురువారం తెల్లవారుతూనే కూలికి వచ్చిన నరసక్క, హరీష్, శోభ కలిసి ఎక్కించారు. పని అయ్యాక నరసక్క ఇంటికి పోయింది. ఆ మధ్యాహ్నమే పెనుకొండలో రంగప్ప అక్క అంకమ్మ ఇంట్లో కొత్త జంటకు విందు. రామసుబ్బమ్మ బొబ్బట్లు, వాళ్ళ మాటలో ఓళిగలు, చేయడానికి సాయమని ముందు రోజే బస్సెక్కి పోయింది. రంగప్ప రానన్నాడు. ఇంటి దగ్గర ఎవరో ఒకరు ఉండాలి కదా.

హరీష్ స్నానానికి పోయినప్పుడు శోభ కెమెరా పట్టుకుని షెడ్డులోకి దూరింది.

"ఒకటో రెండో తీసుకోని వచ్చెయ్. లైటు గీటు పెట్టద్దు," అన్నాడు హరీష్ బయట నుంచి.

"ఊఁ," అంది శోభ. ఆ ఊఁకు అర్థం లేదు.

చివరి వరసలో మొదటి చంద్రిక మీద, రాత్రి మొదలుపెట్టిన గూడొకటి ఇంకా పల్చగా ఉంది. దాని వెనక చార్జింగ్ లైటు పెట్టి, బటర్ పేపరు అడ్డం పెట్టి, తిప్పి బిగించిన లెన్సులోంచి చూసింది. చూసి ఊపిరి తీయడం మరిచిపోయింది. గూడు గోడ పొగలాగా ఉంది. లోపల పురుగు తల అటు తిప్పి ఇటు తిప్పి, అటు తిప్పి ఇటు తిప్పి, తీరికగా మెలికల ముగ్గు వేస్తోంది. తల తిరిగిన చోటల్లా కంటికి ఆనని దారం మెరిసి ఆరిపోతోంది. చేతిలో కెమెరా కొద్దిగా కదిలినా అంతా మసక. శోభ మోచేతులు మోకాళ్ళకు ఆనించి తీసింది, మళ్ళీ తీసింది. ఇంకొక్కటి అనుకుంటూనే తీసింది. సాయంత్రానికి ఈ గోడ మందమైపోతుంది. రేపటికి ఈ పురుగు తలుపు మూసేసుకుంటుంది. మళ్ళీ చూడాలంటే ఇంకో పంట రావాలి. అసలు ఇంకో పంట ఉంటుందో లేదో.

అప్పుడు తట్టింది ఆమెకు. తన ఫోను ఎదురుగా నిలబెట్టి నిమిషానికొక ఫోటో దానంతట అదే తీసుకునేలా పెడితే, సాయంత్రం దాకా చంద్రిక మొత్తం గూళ్ళతో నిండడం కళ్ళారా చూడొచ్చు. ఫోనుకు వెలుగు కావాలి. లైటు ఉండనే ఉంది. చిన్న లైటు, పైగా కాగితం చాటున. దాన్ని చంద్రికల ఎడమ పక్కకు జరిపి, వరస పొడవునా వెలుగు పడేట్టు తిప్పి, స్టీలు పళ్ళెం ఆనించి పెట్టింది. వాళ్ళ పేర్లు చెక్కిన పళ్ళెం మెరిసింది. బయట బండి హారన్ మోగింది. శోభ తలుపు దగ్గరగా వేసి చీర మార్చుకోవడానికి పరిగెత్తింది.

పెనుకొండలో అంకమ్మ ఇల్లు కొండకు ఎదురుగా ఉంటుంది. మిద్దె ఎక్కితే కోట గోడలు కనబడతాయి. అంకమ్మ కొత్త జంటకు హారతిచ్చి, చాప మీద పక్కపక్కన కూర్చోబెట్టి, ఆకుల్లో ఓళిగల మీద ఓళిగ వేసింది. నెయ్యి ఏరు పారింది. శోభకు ఆ ఓళిగ అంచు మీద కిటికీ వెలుగు పడడం కూడా బాగుంది. కెమెరా తీసి అది కూడా పట్టింది.

"తినే దాన్ని ఫోటో తీస్తాదేమప్పా నీ పెండ్లాం," అంది అంకమ్మ.

"కాసేపుంటే నిన్నూ తీస్తాదత్తా, కదలకుండా కూచో," అన్నాడు హరీష్.

"నన్ను తీస్తే కెమెరా పగులుతాది. అవునబ్బా, మీ పురుగులు చంద్రికలు ఎక్కినాయంట గదా."

"ఈ పొద్దునే ఎక్కించినాం."

"చీకట్లో పెట్టినావా లేదా?" అంకమ్మ వడ్డించడం ఆపి నడుం మీద చేయి వేసుకుంది. ఆమె కాపురానికి వచ్చిన కొత్తల్లో వాళ్ళింట్లో కూడా పట్టుపురుగులు సాకేవాళ్ళు. "ఒక తూరి మీ మామ తలుపు ఓరగా ఏసి సంతకు పోయినాడు. ఒక పక్క నుంచి ఎలుతురు పడింది. ఇంగ జూస్కో. పురుగులన్నీ నీడకు పోయే గొర్ల మాదిరి చీకటి పక్కకు జరిగి ఒకదాని మీదొకటి కూచున్యాయి. జాగా చాలక రెండేసి ఒకే గూట్లో దూరినాయి. ఒట్టి జోడు గూళ్ళే. జోడు గూటికి దారం సక్కగా రాదు, చిక్కు పడతాది. హిందూపురం మార్కెట్‌లో ఒక్కడు చేయి పెట్టి చూడలేదు."

"జోడు గూళ్ళంటే ఇదో, వీళ్ళ మాదిరి," అంది రామసుబ్బమ్మ కొడుకునీ కోడలినీ చూపించి. వంటింట్లో ఉన్న ఆడవాళ్ళంతా నవ్వారు.

శోభ నవ్వలేదు. ఎడమ చేత్తోనే కెమెరా లాక్కుని పొద్దున తీసిన ఫోటోలు వెనక్కి జరిపింది. మొదటి ఫోటోలో దారం అల్లే పురుగు వెనక, మసకగా, చంద్రిక ఎడమ పక్క తెల్లటి చుక్కలు చాలా ఉన్నాయి. చివరి ఫోటోలో అదే చోట ఖాళీ వెదురు. పెద్దది చేసి చూసింది. ఇంకా పెద్దది చేసింది. ఖాళీయే. ఆమె ఫోటో తీసినంత సేపట్లోనే అవి నడక మొదలుపెట్టాయి. ఆమె మాత్రం ఒకే ఒక్క పురుగును చూస్తూ ఉండిపోయింది.

"బావా," అంది మెల్లగా. "లైటు."

"యా లైటు?"

"ఆర్పలేదు."

హరీష్ చేతిలో ముద్ద ఆకులో పడింది. "యాడుండాది?"

"చివరి వరస ఎడమ పక్క. రోజంతా ఎలుగుతాది అది."

అతను ఆమెను కోప్పడి ఉంటే బాగుండేది. కిటికీలోంచి కొండ వైపు చూస్తూ కూర్చున్నాడు. అతని మోకాలు మాత్రం ఆగకుండా ఊగుతోంది. పక్కనే ఆనుకుని కూర్చున్న శోభకు చాప కదలడం తెలుస్తోంది.

చేతులు కడుక్కోగానే హరీష్ బండి తాళం తీశాడు. "పోయొస్తామత్తా."

"యాడికి? గురువారం. రాహుకాలం తగులుకునింది. మూడింటి దాకా కొత్త జంట గడప దాటేది లేదు."

"పనుండాది అత్తా."

"ఏం పని? పురుగులు మేత మానేసినాయని నువ్వే అంటివి. ఇంగ నీకేం పని? పెండ్లాం ఒళ్ళో బియ్యం పోయల్ల, బట్టలు పెట్టల్ల. కూచో."

"కడుపులో ఒక మాదిరిగా ఉండాది."

అంకమ్మ లోపలికి పోయి గుప్పెడు వాము తెచ్చి అతని అరచేతిలో పోసింది. నములుతుంటే దగ్గరుండి చూసింది కూడా. హరీష్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మరొకప్పుడైతే ఆ మొహాన్ని శోభ ఎన్ని ఫోటోలు తీసేదో.

పెరటి మెట్ల దగ్గర ఇద్దరూ గుసగుసలాడుకున్నారు.

"మామకు ఫోన్ చేద్దాం. ఒక్క నిమిషం పని," అంది శోభ.

"నాయనకా? పురుగులింట్లో లైటు పెట్టినామని నాయనకు చెప్పల్నా? ఇంగేముండాది. ఈ పూటే పోయి చీనీ మొక్కలు తెస్తాడు."

"చెప్పకపోతే?"

"మూడు కొట్టగానే బయల్దేరుదాం. బిర్రున పోదాం."

"అంతలోకి అవి గూళ్ళు కట్టడం మొదలుపెడ్తే? మొదలుపెట్టినాక జరపలేం గదా బావా."

హరీష్ లోపలి నుంచి ఎవరో పిలిస్తే పోయాడు. పోతూ ఫోను మెట్టు మీద మరిచిపోయాడు. మరిచిపోయాడో, వదిలేశాడో.

శోభ ఫోను తీసుకుని మిద్దె మీదికి ఎక్కింది. ఎండ నడినెత్తిన ఉంది. కోట గోడల మీద ఒక్క నీడ లేదు, రాళ్ళన్నీ చదునుగా పాలిపోయి ఉన్నాయి. ఇంత గుబులులోనూ, ఇంకో రెండు గంటలాగితే ఆ రాళ్ళు ఎంత బాగుంటాయో అని తన కళ్ళు చూస్తున్నందుకు ఆమెకు తన మీదే విసుగు పుట్టింది. రెండు గంటలు. అక్కడ పురుగులకు రెండు గంటలంటే ఎంత దూరం? చెప్తే తోట పోవచ్చు. చెప్పకపోతే గూళ్ళు పోతాయి, గూళ్ళతో పాటు తోటా పోతుంది. పైగా అప్పుడు హరీష్ చేతకానితనం అంటారు. తనే చెప్పేస్తే కనీసం తప్పు తనదే అంటారు.

ఫోను చాలాసేపు మోగింది.

"ఏమప్పా," అంది రంగప్ప గొంతు.

"మామా, నేను శోభను."

"ఆఁ చెప్పమ్మా. తిన్యారా?"

"తింటిమి మామా. పురుగులింట్లో ఒక లైటు ఎలుగుతాండాది. నేనే పెట్టినా, ఫోటోల కోసరం. బావ వద్దనే అన్యాడు. పురుగులన్నీ ఆ ఎలుతురుకు ఒక పక్కకు పోతాండాయి. దాన్ని ఆర్పల్ల మామా. చివరి వరస, ఎడమ పక్క."

అటు నుంచి బోరు మోటారు చప్పుడు మాత్రం వినిపించింది.

"నేను బోవల్నా లోపలికి?" అన్నాడాయన.

"ఇంగెవరూ లేరు మామా."

మళ్ళీ మోటారు చప్పుడు.

"సరే," అని ఫోను పెట్టేశాడు.

కిందికి దిగి వచ్చి హరీష్‌కు చెప్పింది. అతను రెండు చేతులతో మొహం తుడుచుకున్నాడు.

"నాకొక మాట చెప్పి చేయచ్చు గదా."

"చెప్తే చేయనిస్తావా?"

"లేదు."

"అందుకే."

మూడు ఎప్పుడవుతుందా అని గోడ గడియారాన్ని చూస్తూ కూర్చోవడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది శోభకు. ఒళ్ళో బియ్యం పోసుకుంది, పసుపు కుంకుమ తీసుకుంది, పెట్టిన చీర కళ్ళకద్దుకుంది. కొబ్బరిచిప్పలో వెలుగు ఎలా నిలిచిందో కూడా చూడలేదు. అంకమ్మ ముచ్చటపడి జడ ముందుకేసుకుని, "ఇప్పుడు తియ్యి," అని కూర్చుంటే తీసింది. అన్నీ కదిలిపోయాయి.

తిరుగు దారిలో బండి మీద, ఊరి మలుపులో శోభ, "ఏమన్నా అను బావా," అంది. "గట్టిగా పట్టుకో, గుంత," అన్నాడు హరీష్. మల్బరీ తోట గట్టు మీద సున్నం చుక్కలు ఒకటి తర్వాత ఒకటి వెనక్కి పోయాయి. శోభ వాటిని చూడకుండా హరీష్ వీపుకు మొహం ఆనించుకుంది.

ఇంట్లో రంగప్ప లేడు. అరుగు మీదా లేడు. షెడ్డు ముందు ఆయన చెప్పులు విడిచి ఉన్నాయి. గడప దగ్గర సున్నంలో పెద్ద పాదం అచ్చు ఒకటి లోపలికి పోయినట్టు ఉంది. బయటికి వచ్చిన అచ్చు లేదు.

హరీష్ తలుపు తీశాడు.

"మూయండప్పా తలుపు. ఎలుతురొస్తాండాది," అంది లోపలి నుంచి రంగప్ప గొంతు.

ఇద్దరూ గబుక్కున దూరి తలుపు మూశారు. కళ్ళు చీకటికి అలవాటు పడ్డాక కనిపించాడాయన. చివరి వరస ముందు పీట వేసుకుని, పంచె ఎగగట్టి, ముక్కు మీదుగా టవలు చుట్టుకుని కూర్చున్నాడు. చేతిలో మల్బరీ ఆకు ఉంది. పురుగులు ముసిరిన చోట ఆ ఆకును మెల్లగా ఆనించి, ఒక పురుగు దాని మీదికి పాకే దాకా ఆగి, ఆ ఆకును ఎడమ పక్కకు తెచ్చి ఖాళీ సందులో వంచుతున్నాడు. పురుగు దిగేదాకా ఆకు కదపడు. వేలు తగలనివ్వడు. అప్పటికే ఎంతసేపటి నుంచి చేస్తున్నాడో, ఎడమ పక్క తెల్ల చుక్కలు చాలా ఉన్నాయి.

"గూడు మొదలుపెట్టినవాటిని కదపలేదు. ఊరికే తిరుగుతాండే వాటినే తెస్తాండా," అన్నాడు తల తిప్పకుండా. "ఇంగా ఆ మూలకుండాయి చూడు. ఒకదాని నెత్తినొకటి ఎక్కుతాండాయి."

హరీష్ ఆ మూలకు పోయాడు. శోభ మామ పక్కనే మోకాళ్ళ మీద కూర్చుంది. తలలో మల్లెలు ఇంకా ఉన్నాయని గుర్తొచ్చి లాగేసి, లేచి బయట పెట్టి వచ్చింది. ఆమె ఆకు తీసుకోలేదు. రెండు వేళ్ళతోనే ఏరింది. చల్లగా, మెత్తగా, చిన్నపిల్ల చెవి తమ్మెలాగా ఉంది ఒక్కోటి. వలల బయట పొద్దు వాలేదాకా ముగ్గురూ పురుగుల్ని జరుపుతూనే ఉన్నారు.

రంగప్ప లేచి నడుం సరిచేసుకుని వెళ్ళిపోయాడు. చీనీ మాట ఎత్తలేదు. లైటు మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే అదొక తెరిపి. రాత్రి అన్నం తినేటప్పుడు కూడా ఆయన పప్పు బాగుందని తప్ప ఏమీ అనలేదు. శోభకు ఆ పప్పు దిగలేదు.

షెడ్డులో పెట్టిన తన ఫోను సంగతి శోభకు మర్నాడు పొద్దున గుర్తొచ్చింది. మూలన పడి ఉంది. చార్జింగ్ పెట్టి, హరీష్‌ను పక్కన కూర్చోబెట్టుకుని, నిమిషానికొకటిగా తీసిన ఫోటోలు ఒక్కొక్కటే జరిపింది. తడిక మీద తెల్లటి పురుగులు వెలుగు నుంచి మెల్లగా, తిరనాళ్ళ జనం రథం వెనక జరిగినట్టు, కుడి పక్కకు జరుగుతున్నాయి. చూడ్డానికి అందంగా ఉంది. ఆమె ఇంత వరకూ తీసిన వాటిలో అదే గొప్పది. ఆ మాట పైకి అనడానికి నోరు రాలేదు.

తర్వాత ఒక ఫోటోలో తలుపు సందు తెల్లగా తెరుచుకుంది. తర్వాతి దాంట్లో పంచె అంచు. తర్వాత రంగప్ప, టవలు ముక్కుకు అడ్డం పెట్టుకుని, లైటు వైపు చేయి చాచి.

"ఆర్పేసినాడు," అన్నాడు హరీష్.

కానీ తర్వాతి ఫోటోలోనూ వెలుగు ఉంది. చేయి అలాగే గాలిలో ఆగి ఉంది. మొహం మాత్రం చంద్రిక వైపు తిరిగింది, పొద్దున శోభ చూసిన ఆ పల్చటి గూడు వైపు. ఆ తర్వాతి దాంట్లో చేయి కిందికి దిగింది. ఇంకో దాంట్లో ఆయన గొంతుక్కూర్చున్నాడు. ఇంకోటి. ఇంకోటి. టవలు భుజం మీదికి జారింది. కాగితం చాటు వెలుగు ఆ ముడతల మొహం సగం మీద మెత్తగా పడింది. నోరు కొద్దిగా తెరుచుకుని, తల ఒక ఫోటోలో ఈ పక్కకు, మరో ఫోటోలో ఆ పక్కకు వాలి ఉంది, లోపలి పురుగుతో పాటు తిరిగినట్టు. శోభ వేలు తెర మీద జరుపుతూనే ఉంది. ఆ ఫోటోలు అయిపోవడం లేదు. చివరికి ఒక పెద్ద అరచేయి లైటును కమ్మేసింది. ఆ తర్వాతవన్నీ నలుపే.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"ఇంతసేపు ఆర్పకుండా కూచున్యాడా నాయన," అన్నాడు హరీష్. అతని పెదవుల మీదికి నవ్వు వచ్చేసింది. "ఇప్పుడే పోయి చూపిస్తా."

"వద్దు బావా."

"ఎందుకు వద్దు? ఇంగ మనల్ని ఏమంటాడు?"

"అందుకే వద్దు," అంది శోభ, ఫోను కొంగు చాటున దాచుకుంటూ.

గూళ్ళు విప్పే రోజు నరసక్క కూడా వచ్చింది. మిగతా వరసల్లో తెల్లగా, గట్టిగా, తూచినట్టు ఉన్నాయి గూళ్ళు. చివరి వరసలో మాత్రం, పురుగులు ముసిరిన కుడి పక్కన, లావుపాటి జోడు గూళ్ళు తగిలాయి. నిమ్మకాయల రాశిలో గుమ్మడిపిందెల్లాగా అవి వేరుగానే తెలుస్తున్నాయి. వాటిని శోభే ఏరి వేరే బుట్టలో వేసింది. బుట్ట అడుగు కప్పాయి గానీ, నిండలేదు. ఎడమ పక్క మామ ఆకు మీద మోసి తెచ్చిన చోట అన్నీ ఒంటి గూళ్ళే.

హిందూపురం మార్కెట్‌కు కొడుకుతో పాటు రంగప్ప కూడా పోయాడు, మొట్టమొదటిసారి. సాయంత్రం దాకా శోభ ఇంట్లో ఒక చోట నిలవలేదు. గిన్నెలు తోమింది, తోమినవే మళ్ళీ తోమింది. కెమెరా తీసి కిటికీ దగ్గర జోడు గూడొకటి పెట్టి, వెనక నుంచి ఎండ పడేట్టు చూసింది. గోడ మందంగా ఉంది, లోపలిదేమీ కనబడలేదు. చెవి దగ్గర పెట్టుకుని ఆడిస్తే లోపలి రెండు పురుగులూ గోడకు తగిలే చప్పుడు వినిపించింది.

బండి చప్పుడు కాగానే వాకిట్లోకి పోయింది. హరీష్ బండి దిగకముందే కన్ను గీటాడు.

అన్నాల దగ్గర రామసుబ్బమ్మే అడిగింది. "దుడ్లు ఎట్ల వచ్చినాయి?"

"బాగనే వచ్చినాయి," అన్నాడు రంగప్ప. సంగటి ముద్ద మధ్యలో గుంట చేసి పప్పు పోయించుకున్నాడు. కాసేపు తిన్నాడు. "చీనీ మొక్కలు చెప్పినా. ఆ కింది చెనిక్కాయ చేన్లో పెడదాం. ఈడ వద్దులే."

హరీష్ తల ఎత్తలేదు. అతని మోకాలు మాత్రం ఊగడం ఆగింది.

"అమ్మా శోభా," అన్నాడు రంగప్ప. శోభ గరిటె పట్టుకుని నిలబడిపోయింది. "మల్లా పంటకు లైటు వరస పక్కన పెట్టద్దు. ఒక చంద్రిక వేరేగా ఎత్తి వసారాలో పెడదాం. దానికి పెట్టుకో నీ లైటు. దాండ్లో జోడు గూళ్ళు వచ్చినా పర్వాలేదు."

"సరే మామా."

"పెట్టేటప్పుడు నాకొక మాట చెప్పు. ఆ కాగితం అడ్డం పెట్టి దగ్గర్నుంచి చూస్తే ఆ పురుగు తల ఇట్ల..." అని ఎడమ చేయి గాలిలో తిప్పబోయి ఆపేశాడు.

"నువ్వెప్పుడు చూసినావబ్బా దగ్గర్నుంచి?" అంది రామసుబ్బమ్మ. "పురుగంటే ఆమడ దూరం పరిగెత్తేటోడివి."

హరీష్ కంచంలోకి, శోభ చేతిలోని గరిటె వైపు చాలా శ్రద్ధగా చూసుకున్నారు.

"చారు పొయ్యి," అన్నాడు రంగప్ప.